వణుకు ఎవరిది?

పోయినవారం మనం ఆమెను మిక్సింగ్ గదిలో, వరసలుగా మీటలున్న కన్సోలు బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి వచ్చేశాం. ఎదురుగా బాబాయి నిలబడి ఉన్నాడు. చంకలో ఫ్లూటు పెట్టె ఉంది. "నా ఫ్లూటు ఎందుకు తీసేశావు?" అని ఆయన అడిగాడు, ఆమె జవాబు చెప్పలేదు. పాపం, వారం రోజులుగా ఇద్దరూ అలాగే ఉన్నారు. ఇంకా ఆలస్యం చేస్తే పెద్దాయన మోకాళ్లు ఊరుకోవు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళదాం. ఆమె పని సినిమా పాటలకు మిక్సింగ్ చేయడం. విడివిడిగా రికార్డయిన గొంతులూ, వాయిద్యాలూ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా, ఏది ఎంత వినబడాలో తేల్చే పని అది. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. "రవ్వంత పెంచండి, రవ్వంత తగ్గించండి" అనడం అలవాటు కాబట్టి స్టూడియోలో అందరికీ ఆమె రవ్వంత మేడమ్. మూడు నెలల కిందట ఆమె రెండు చెవులూ సన్నని శబ్దాలను వదిలేస్తున్నాయని పరీక్షలో తేలింది. చెవి సందులో ఇమిడిపోయే రెండు బుల్లి యంత్రాలు కొనుక్కుంది, జుట్టు వాటి మీదికి దువ్వుకుంది, కిక్కురుమనకుండా పనిలోకి వచ్చేసింది. ఆ సంగతి ఇంట్లో భర్తకూ అత్తగారికీ తప్ప మరో మనిషికి తెలియదు. నాలుగు రోజుల కిందట ఒక పాట మిక్స్ చేస్తుంటే, చివరి చరణంలో బాబాయి ఫ్లూటు వణుకుతున్నట్టు ఆమెకు వినబడింది. సంగీత దర్శకుడికి చెప్పింది. ఆయన ఆ ఫ్లూటు తీసేసి, వయసులో ఉన్న మరొకరి చేత వాయింపించాడు. ఆ కొత్త ఫ్లూటు ఇంకా ఆమె చెవిదాకా రాలేదు.

ఇదీ సంగతి. ఇక ఆమె నోరు విప్పాలి.

"కూర్చో బాబాయ్."

"కూర్చోడానికి రాలేదు. అడిగినదానికి చెప్పు."

ఆమె ఒక మీట పైకి తోసి, మళ్లీ కిందికి లాగింది. ఆ మీటకు ఏ శబ్దమూ తగిలించి లేదని ఆయనకూ తెలుసు.

"చివరి చరణంలో పొడుగు స్వరం ఉంది చూడూ... అక్కడ ఊపిరి నిలబడలేదు."

"నిలబడలేదా?"

"వణికింది."

బాబాయి వాయించడం మొదలుపెట్టి యాభై ఏళ్లు. ఆయన పట్టిన స్వరం మీద ఇటుక పెట్టినా కదలదని వాయిద్యగాళ్లు చెప్పుకునేవారు. అన్నగారు, అంటే ఆమె తండ్రి, పోయినప్పుడు తొమ్మిదేళ్ల ఆ పిల్లను వెంటబెట్టుకుని రికార్డింగులకు తిరిగినవాడూ ఆయనే. మూలన స్టూలు వేసి కూర్చోబెట్టి, "కళ్లు మూసుకుని ఎంతమంది వాయిస్తున్నారో చెప్పు" అనేవాడు. పిల్ల దొంగతనంగా కళ్లు తెరిస్తే నెత్తిన మొట్టికాయ పడేది. "చూసి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారే. నువ్వు విని చెప్పు" అనేవాడు. ఆ మొట్టికాయలే ఇవాళ ఆమెకు తిండి పెడుతున్నాయి.

"ఈ మాట నాకు చెప్పకుండా దర్శకుడికెందుకు చెప్పావు?"

"ముఖం చెల్లలేదు బాబాయ్."

అది మాత్రం పచ్చి నిజం. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెట్టె తెరిచి మూడు ముక్కల ఫ్లూటును ఒకదానికొకటి బిగించాడు.

"తలుపులు వేసే ఉన్నాయిగా. ఇప్పుడు విను."

ఒకే ఒక్క స్వరం పట్టాడు. మొదట గుండ్రంగా, నిబ్బరంగా మొదలైంది. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. రెండు సెకన్లు గడిచాయో లేదో, ఆ స్వరం వెనకాల మరో పలచటి స్వరం బయల్దేరింది. రెండూ ఒకదానికొకటి తగులుతూ వణకసాగాయి. ఆమె ఆయన వేళ్లకేసి చూసింది. వేళ్లు కదలడం లేదు. పెదవి కేసి చూసింది. పెదవీ కదలడం లేదు. బల్ల మీద ఒక మైకు తెరిచే ఉంది, దాని గీత తెర మీద స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతోంది. ఆమె ఆ గీతనూ చూసింది. చూసి, నమ్మలేదు. ఆమెకు నేర్పినదే విని చెప్పమని కదా.

ఆయన ఫ్లూటు దించాడు. "ఏమంటావు?"

అక్కడ ఒక చిన్న అబద్ధం ఆడి ఉంటే ఆ పూట గడిచిపోయేది. కానీ ఆ గదిలో శబ్దం గురించి అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. తన చెవుల గురించి మాత్రం మూడు నెలలుగా చెబుతూనే ఉంది. అది వేరే లెక్క అని మనసుకు సర్దిచెప్పుకుంది.

"వణుకుతోంది బాబాయ్."

ఆయన జేబులోంచి గుడ్డ తీసి ఫ్లూటు తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

"అయితే నాలుగు రోజులుగా హాల్లో వాళ్లు అనుకుంటున్నది నిజమేనన్నమాట. నాకు మాత్రం తిన్నగానే వినబడింది. నా చెవులకు ముసలితనం వచ్చినట్టుంది" అన్నాడు.

యంత్రాలు పెట్టుకున్న చెవులు ఎవరివో ఆ గదిలో ఒక్కరికే తెలుసు.

"అది కాదు బాబాయ్..."

"నువ్వు చెప్పాక ఇంక తిరుగేముంది? ఆ దర్శకుడు చెబితే పోట్లాడేవాణ్ని. నువ్వు చెప్పావు." ఆయన మూడు ముక్కలనూ విడదీసి పెట్టెలో పడుకోబెట్టాడు. "ఇవాళ నాలుగింటికి పెద్ద హాల్లో రికార్డింగు ఉంది. ముప్పై మంది మధ్యలో నా ఒక్కడి ఊపిరీ వణికితే ఏం బాగుంటుంది? వెళ్లి ఆయనకో మాట చెప్పేసి వస్తాను. యాభై ఏళ్లు వాయించాను, చాల్లే."

పోతూ పోతూ ఆమె నెత్తి మీద చెయ్యి వేశాడు. మొట్టికాయ వేసినా బాగుండేది. తలుపు మూసుకున్నాక ఆమె కన్సోలు మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇరవై రెండేళ్లలో ఆ బల్ల మీద కాఫీ కూడా ఒలకనివ్వని మనిషి ఆమె.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లింది. తినాలని కాదు, ఆ గదిలో కూర్చోలేక.

ఇంట్లో అత్తగారు ఒక్కరే ఉన్నారు. ఆవిడ ఆరేళ్లుగా చెవియంత్రాలు వాడుతున్నారు, అందులో ఆరితేరిన మనిషి. ఎవరైనా విసిగిస్తుంటే రెండు యంత్రాలూ తీసి కళ్లజోడు పెట్టెలో పడేసి, చిరునవ్వు నవ్వుతూ తల ఊపుతారు. కోడలు కూడా తమ బృందంలో చేరినందుకు ఆవిడకు పైకి చెప్పుకోలేని సంతోషంగా ఉంది. చెవులు కడిగి తుడిచినట్టు ఆ యంత్రాలను ఎలా తుడుచుకోవాలో రోజుకో పాఠం చెబుతుంటారు.

"ఏంటమ్మాయ్, ముఖం అలా వేలాడేశావు?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేనివాళ్లు ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకోరు. ముందు తిను. తర్వాత చెబుదువుగాని."

ఆమె కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతోంది. ఇంతలో వెనక గదిలో బట్టలు ఉతికే మిషను పని ముగించి, పీ... అని పొడుగ్గా కూసింది.

"వచ్చిందమ్మా పాటగత్తె" అన్నారు అత్తగారు.

"ఎవరు?"

"అదే, మన మిషను. ఒకప్పుడు ఎంత తిన్నగా కూసేదో! ఈ చెవియంత్రాలు పెట్టుకున్నప్పట్నుంచీ దాని కూతకి వణుకు పట్టుకుంది. చలేసినట్టు కూస్తుంది."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"వణుకుతూ కూస్తుందా?"

"ఏం, నీకు తిన్నగా వినబడుతోందా?"

మిషను రెండోసారి కూసింది. ఆమె ఈసారి విన్నది. రోజూ వింటూనే ఉంది గానీ, ఇవాళే విన్నది. ఒక కూత, దాని వెనకాల పలచటి మరో కూత, రెండూ తగులుకుని వణుకు. పొద్దున బాబాయి ఫ్లూటులో విన్న వణుకు ఇదే. అచ్చు ఇదే.

ఎడంచేత్తో రెండు చెవుల్లోంచీ యంత్రాలు లాగేసింది. మిషను మూడోసారి కూసింది. ఎక్కడో పక్కింట్లో కూసినట్టు సన్నగా, పలచగా, తిన్నగా కూసింది.

ఆమె ఎంగిలిచేత్తోనే వెనక గదిలోకి పరుగెత్తింది. మిషను మీటను వెనక్కి తిప్పి, ఆఖరి రెండు నిమిషాలు మళ్లీ తిప్పించింది. యంత్రాలు పెట్టుకుంటే వణుకు. తీసేస్తే తిన్నగా. మళ్లీ తిప్పించింది. మళ్లీ అంతే.

"ఉతికినవే ఎన్నిసార్లు ఉతుకుతావే? ఆ చీరలో ఇంక రంగేం మిగులుతుంది?" అంటూ అత్తగారు గుమ్మంలోకి వచ్చారు.

"అత్తయ్యా, ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నీకు చెప్పలేదు గానీ మా అబ్బాయికి చెప్పాను. వాడు మెకానిక్కుని పిలిచాడు. ఆ మెకానిక్కు మిషను మొత్తం విప్పి, అంతా బాగానే ఉందమ్మా అని మళ్లీ బిగించి పోయాడు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బాబాయి ఊపిరి వణకలేదు. ఆ ఒక్క మాట ఒళ్లంతా పాకి, ప్రాణం తేలికపడింది. తప్పు తనదని తేలినందుకు ఇంతగా సంతోషించిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఆ సంతోషం నాలుగు నిమిషాలుంది. తర్వాత రెండో మాట తలకెక్కింది. ఆయన ఊపిరి బాగానే ఉందని చెప్పాలంటే, తన చెవులు బాగా లేవని కూడా చెప్పాలి. ఒకటి దాచి ఇంకొకటి చెప్పే దారి లేదు.

గోడ గడియారంలో రెండున్నర అయింది. నాలుగింటికి బాబాయి పెట్టె తెరవకుండానే సెలవు తీసుకుంటాడు.

చెవియంత్రాల దుకాణం చెప్పుల కొట్టు మీద, రెండో అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన ఆమెను చూసి, అక్కడి అమ్మాయి కంగారుగా మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె నీళ్లు పక్కన పెట్టి, ఫ్లూటు, మిషను, వణుకు మూడూ కలిపి ఒకే గుక్కలో చెప్పేసింది.

"అవును మేడమ్, వణుకుతుంది" అంది ఆ అమ్మాయి, అదేదో వాన పడుతుందన్నంత మామూలుగా. "ఈ యంత్రానికి మాటలు వినిపించడమే పని. ఎక్కడైనా ఒకే స్వరం పొడుగ్గా వినబడితే, అది తన సొంత కూతేమో అనుకుంటుంది. మైకు తీసుకెళ్లి స్పీకరు ముందు పెడితే కుయ్యిమంటుంది చూడండీ, అలాంటిదన్నమాట. దాన్ని నొక్కెయ్యడానికి ఎదురుగా ఇంకో స్వరం వదులుతుంది. ఆ రెండూ తగులుకుంటే మీకు వణుకులా వినిపిస్తుంది."

మైకు కూత సంగతి రవ్వంత మేడమ్‌కు ఎవరో చెప్పాల్సి వచ్చింది! ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"మరి ముందే చెప్పలేదేంటమ్మా?"

"సంగీతం వాళ్లకైతే చెప్తాం. వాళ్లకి అమరిక వేరే ఉంటుంది, ఆ నొక్కుడు లేకుండా." ఆ అమ్మాయి కాగితం తీసి చూసింది. "మీరు వృత్తి దగ్గర గుమాస్తా అని రాశారు కదండీ."

రాసింది. ఆ రోజు ఆ గడి ముందు పావుగంట పెన్ను పట్టుకుని కూర్చుని మరీ రాసింది. ఇక్కడ ఎవరైనా సినిమావాళ్లను ఎరిగినవాళ్లుంటే, తన సంగతి సాయంత్రానికి స్టూడియోకు చేరుతుందని భయపడింది. ఆ గడిలో రాసిన ఒక్క అబద్ధమూ తిరిగి తిరిగి వెళ్లి బాబాయి ఊపిరికి తగిలింది.

"ఇంతకీ మీరేం చేస్తారు మేడమ్?"

"పాటలు మిక్స్ చేస్తాను."

ఈ మూడు నెలల్లో ఆ మాటనూ ఆ యంత్రాలనూ ఒకే గదిలో పెట్టడం అదే మొదలు. ఆ అమ్మాయి నోరు వెళ్లబెట్టింది. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పాటలా? అయితే కూర్చోండి. అరగంట పడుతుంది."

అరగంటలో అమరిక మార్చి, కంప్యూటరు లోంచి ఒక ఫ్లూటు స్వరం వినిపించింది. స్వరం వచ్చింది. నిలబడింది. ఎంతసేపైనా నిలబడే ఉంది. ఆమె కళ్లు మూసుకుని, అది ఆగిపోయాక కూడా కాసేపు వింటూ కూర్చుంది.

"ఒక్క సంగతి మేడమ్. పోయిన సన్నని శబ్దాలు పోయినట్టే. ఇవి వాటిని వెనక్కి తీసుకురాలేవు, ఉన్నవాటిని బాగా వినిపిస్తాయంతే. ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి. పక్కన బాగా వినబడే మనిషి ఒకరుంటే మంచిది, మీ పనికి" అంది ఆ అమ్మాయి.

"పక్కన మనిషి ఉండాలంటే ముందు వాళ్లకు చెప్పాలిగా" అంది ఆమె లేస్తూ.

పెద్ద హాలులోకి అడుగు పెట్టేసరికి నాలుగు దాటి అయిదు నిమిషాలయింది. ముప్పై మందీ ఎవరి కుర్చీల్లో వాళ్లున్నారు గానీ ఒక్కరూ వాయించడం లేదు. మధ్యలో సంగీత దర్శకుడు చెవి మీద పెన్సిలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన బాబాయి ఉన్నాడు. చెప్పాల్సింది చెప్పేసినట్టే ఉంది. వయొలిన్ల వరసలో పెద్దావిడ ఒకరు ముక్కు తుడుచుకుంటున్నారు.

ఆమె ఎప్పుడూ పక్క తలుపు గుండా, అద్దం వెనకున్న గదిలోకి వెళ్లిపోతుంది. ఇవాళ అటు వెళ్లలేదు. కుర్చీల మధ్య నుంచి తిన్నగా నడిచి దర్శకుడి మైకు దగ్గరికి వచ్చింది. కాళ్లు ఆగిపోతే మళ్లీ కదలవేమోనని ఎక్కడా ఆగలేదు.

"సార్, ఒక్క నిమిషం. ఇది అందరూ వినాలి" అంది.

జుట్టు వెనక్కి తోసి, కుడిచెవిలోంచి యంత్రం తీసింది. స్వరాల కాగితాలు పెట్టే స్టాండు మీద దాన్ని పెట్టింది. ముప్పై జతల కళ్లు ఆ గింజంత వస్తువు మీద పడ్డాయి.

"మూడు నెలల నుంచీ నేను ఇవి పెట్టుకుని పని చేస్తున్నాను. రెండు చెవులకీ వినికిడి తగ్గింది. మీకెవరికీ చెప్పలేదు. బాబాయి ఫ్లూటు వణికిందని చెప్పాను చూడండీ, అది తప్పు. ఆయన వణకలేదు. ఈ యంత్రం వణికించింది. పొడుగు స్వరం ఏదొచ్చినా వణికిస్తుందని నాకివాళే తెలిసింది. మా ఇంట్లో బట్టలుతికే మిషను కూడా వణుకుతోంది."

ఎవరూ నవ్వలేదు. నాలుగు రోజుల కిందట మిక్సింగ్ గదిలోనే ఉండి, "అవును సార్, నాకూ రవ్వంత వణికినట్టే అనిపించింది" అని వంత పాడిన, రికార్డింగు ముక్కలు అతికే ఎడిటరు మాత్రం చప్పుడు చేయకుండా స్తంభం చాటుకు జరిగాడు. అసలు ఆ వణుకు అంతకు ముందు ఎవరికీ వినబడలేదు. రవ్వంత మేడమ్ చెప్పాక ఒకరి తర్వాత ఒకరికి వినబడింది.

ఆమె బాబాయి వైపు చూసింది.

బాబాయి ముఖం ఎర్రబడింది. మీరు కౌగిలింత కోసం చూస్తుంటే ఆయన ఎవరో మీకింకా తెలియదన్నమాట.

"నాలుగు రోజులే! నాలుగు రోజుల నుంచీ నేను మంచినీళ్ల గ్లాసు ఎత్తినప్పుడల్లా చెయ్యి వణుకుతోందేమోనని చూసుకుంటున్నాను. మీ పిన్ని చూడకుండా చూసుకుంటున్నాను. పొద్దున నీ ఎదురుగా కూర్చుని నా చెవులే పోయాయేమో అన్నాను. అప్పుడైనా నోరు విప్పావా? చెవులు పోతే చెప్పుకోవాలి గానీ, నోరు కూడా పోయినట్టు కూర్చుంటావా?"

"భయమేసింది బాబాయ్. ఈ పని తప్ప నాకింకేమీ రాదు."

"నాకు మాత్రం ఏమొచ్చు? నాకు భయం వెయ్యలేదా?"

ఆమె ఏడుస్తూ వంగి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన చెయ్యి విడిపించుకుని, వంచిన ఆ నెత్తి మీద ఠంగుమని ఒక మొట్టికాయ వేశాడు. అప్పుడు మాత్రం వయొలిన్ల వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అంటుకుని హాలంతా పాకింది.

"అది పెట్టుకో. పెట్టుకుని విను" అన్నాడు బాబాయి స్టాండు మీది యంత్రం చూపించి. పెట్టె తెరిచి ఫ్లూటు బిగించాడు. నాలుగు రోజుల కసి అంతా కలిపి ఒక్క స్వరం పట్టాడు.

ఆ స్వరం ఎక్కడ మొదలైందో అక్కడే నిలబడింది. ఆయన ఊపిరి అయిపోయేదాకా అంగుళం కదలలేదు. ఆమె కళ్లు మూసుకుని వింది. యాభై ఏళ్ల ఊపిరి అది, దాని మీద ఇటుక పెట్టినా పడదు.

సంగీత దర్శకుడు పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. వయసులో ఆమెకన్నా చిన్నవాడు, తొందరగా మాట జారని మనిషి.

"మరి నా పాట సంగతేంటి మేడమ్?"

"మీ ఇష్టం సార్. ఇంకెవరికైనా ఇస్తానంటే నేను తప్పు పట్టను."

ఆయన ఆలోచించాడు. ఆమెకు ఆ కాసేపూ ఇరవై రెండేళ్లంత పొడుగ్గా అనిపించింది.

"రేపు పొద్దున పదింటికి మీ పక్కన కూర్చుంటాను. బాబాయిగారి ఫ్లూటు తిరిగి పెడదాం. మీకు వినబడనిది నేను చెబుతాను. నాకు తట్టనిది మీరు చెప్పండి. అలా ఒక పాట చేసి చూద్దాం. తర్వాతి మాట తర్వాత." ఆయన ముప్పై మంది వైపు తిరిగాడు. "ఇంకేం? పోనీలెండి, ఒక్క పాటతో పోయింది. వాయిద్యాలు తీయండి, ఇప్పటికే ఆలస్యమైంది."

హాలు కదిలింది. తీగలు సవరించే చప్పుళ్లు లేచాయి. బాబాయి తన కుర్చీ వెతుక్కుంటూ వెళ్లాడు. ఆమె అద్దం వెనక గదిలోకి వెళ్లి మీటల ముందు కూర్చోవచ్చు. ఉద్యోగం ఉంది, బాబాయి ఉన్నాడు. మిగిలినది ఎవరికీ తెలియదు, ఎవరూ అడగడం లేదు.

ఆమె కదలలేదు.

"ఒక్క పాట కాదు సార్."

దర్శకుడు వెనక్కి తిరిగాడు.

"రెండు నెలల కిందట ఒకమ్మాయి వచ్చింది. మాటల్లేని ఆలాపన పాడింది, వర్షం పాటకి. మీకు చాలా నచ్చింది. పొడుగు స్వరాల్లో గొంతు వణుకుతోంది, పనికిరాదని నేనన్నాను. మీరు ఇంకొకరిని పెట్టుకున్నారు."

పెన్సిలు ఆయన వేళ్ల మధ్య ఆగిపోయింది. తీగల చప్పుళ్లు ఒకటొకటిగా తగ్గాయి.

"కారణం అడిగితే చెప్పేశాను ఆమెకి. మీ గొంతు వణుకుతోందన్నాం అని చెప్పాను" అన్నాడు నెమ్మదిగా. "తర్వాత ఇంకో రెండు పాటలకి పిలిచాను మేడమ్. రాలేదు. పాడటం మానేశానంది."

బాబాయికి నాలుగు రోజులు. ఆ అమ్మాయికి రెండు నెలలు. నెత్తిన మొట్టికాయ వేసి ఊరుకోవడానికి ఆ అమ్మాయి పిన్ని కూతురు కాదు, బాబాయి కాదు. రోడ్డు మీద కనబడితే పోల్చుకోలేనంత పరాయి మనిషి.

"నంబరుందా సార్?"

"ఉంది. బయటికెళ్లి మాట్లాడతారా?"

బాబాయి కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"వద్దు. ఇక్కడే. మీరు ఆమెని తీసేసినప్పుడు ఈ హాల్లో అందరికీ తెలిసింది కదా. ఇప్పుడూ అందరూ వినాలి. స్పీకర్లో పెట్టండి" అంది.

దర్శకుడు ఫోను తీసి, నంబరు నొక్కి, మైకు ముందు పెట్టాడు. హాలు నాలుగు గోడలకూ ఆ మోత తగిలింది. ఒకసారి మోగింది. రెండోసారి మోగింది. వయొలిన్ పెద్దావిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. మూడోసారి మోగింది. నాలుగోది మధ్యలో ఆగింది.

"ఎవరండీ?" అంది ఒక గొంతు.

ఆమె మైకు దగ్గరికి వంగింది.

"మీకు నా పేరు తెలియదమ్మా. మీ గొంతు వణుకుతోందని చెప్పినదాన్ని నేనే. అది అబద్ధం. మీ గొంతు ఎప్పుడూ వణకలేదు."

అటువైపు ఎక్కడో మోగుతున్న టీవీ ఆగిపోయింది. ఆ అమ్మాయి ఫోను పెట్టేయలేదు, వింటోంది.